పరశురాం బండి గుండుమోత

పికప్పు బండికి డిఫరెన్షియల్ ఆయిల్ ఎన్ని దినాలకు మార్చాలె? అసలు మార్చనే వద్దు! మారిస్తె ఊరు ఆగమైతది. నవ్వకుండ్రి, నేను సోయి ఉండే చెప్తున్న. నమ్మకం లేకుంటె కొత్తకోట అవుతల మా పరశురాం ఊరికి రాండ్రి, బర్రెతో సహా సాక్ష్యం చెప్పిస్త.

డిఫరెన్షియల్ అంటె ఎరుక లేనోళ్లకు జర చెప్త. పికప్పు కింద వంగి చూస్తె, వెనుక టైర్ల నడుమ ఇరుసుకు ఒక ఇనుప గుండు కనబడతది. లోపల రంపం లెక్క పండ్లున్న చక్రాలు ఉంటయి. ఆ పండ్లు అరగకుంట చిక్కటి ఆయిల్ ఉంటది. ఇంజిన్ బలాన్ని టైర్లకు పంచేది గా గుండే. బండి మొత్తంల దానంత కష్టం చేసేది ఇంకొకటి లేదు. దసరా నాడు హెడ్‌లైటుకు దండేస్తరు, అద్దానికి కుచ్చు కడ్తరు, స్టీరింగుకు బొట్టు పెడ్తరు. ఎన్నడన్న ఎవడన్న గుండులకు తొంగి చూసిండా? ఎందుకు చూస్తడు, ఫొటోల పడదు గదా!

పరశురాం ఆ బండి కొన్నకాడి కెంచి గుండు బోల్టు ఇప్పలే. ఎవరన్న అడిగితె ఒకటే మాట. "నడుస్తాంది గదా!" అంతే. ఆ మాటకు ఎదురు చెప్పే మొనగాడు మా మండలంలనే లేడు. నడిచేదాన్ని ఆపి, ఇప్పి, లోపల ఏమున్నదో చూసుడు తెలివైనోడు చేసే పనా?

మొదట్ల ఆ బండి సప్పుడు లేకుంట నడిచేది. గదేం బండి! వచ్చింది తెల్వది, పోయింది తెల్వది. తర్వాత మెల్లగ వెనుక కెంచి మూలుగుడు మొదలుపెట్టింది. ఏడాది తిరిగేవరకు ఆ మూలుగు 'గుయ్య్' మని పెద్ద మోతైంది. ఇగ చూడుండ్రి, ఊరికి పట్టిన అదృష్టం!

బండి మక్తల్ అంగడిల ఉల్లిగడ్డ దించి వస్తుంటె, తారు రోడ్డు మలుపు కాడనే మోత ఇనబడతది. ఇనబడంగనే పరశురాం పెండ్లాం కోమల పెనం మీద జొన్నరొట్టె ఏస్తది. ఆయన కాళ్లు కడుక్కొని కూసునేవరకు రొట్టె పొంగి, పొగలు కక్కుకుంట పళ్లెంల పడతది. ఏ ఫోనన్న ఇంత సక్కగ పనిచేస్తదా? బడిల వంట చేసే ఎస్తేరక్క ఆ మోత ఇనే సంచి సంకనేసుకొని రోడ్డు మీదికి వచ్చేది, బండెక్కి పోయేది. గొర్లు వాటంతట అవే పక్కకు జరిగేటియి. పసిపిల్లలు ఊయల ఊపకుంటనే నిద్రపోయేటోళ్లు. ఇగ సోమన్న బర్రె ముచ్చట చెప్తె మీరు నమ్మరు. దూడను ఇడిచినా పాలు చేపకపోయేది, పరశురాం బండి మోత ఇంటెనే చేపేది! డాక్టర్లతోని కాని పని డిఫరెన్షియల్ చేసింది.

అయినా కొందరుంటరు, ఊరు సుఖంగ ఉంటె ఓర్వరు. చాయ్ హోటల్ కాడ సలహాలు మొదలుపెట్టిండ్రు. ఒకడు ఏటేటా మార్చాలె అంటడు. ఇంకొకడు నలభై వేల కిలోమీటర్లకు అంటడు. వాళ్లల్ల హనుమంతు అయితె ఫోన్ల ఎవరో తెల్లాయన వీడియో చూపిచ్చి, "అసలు మార్చేదే లేదు, లైఫ్‌టైం ఆయిల్" అన్నడు. లైఫ్‌టైం అంటె ఎవరి లైఫు? ఆయిల్‌దా, బండిదా, పరశురాందా? కంపెనీ ఇచ్చిన పుస్తకంల చూద్దామంటె, అది బియ్యం డబ్బా కదలకుండ కింద మంచిగ ఆనింది. దాన్ని గుంజుతరా ఎవరన్న?

కొత్తకోటల షెడ్డు నడిపే ముజఫ్ఫర్ మాత్రం పట్టుబట్టిండు. "పరశురామన్నా, మూలుగుతాందంటె లోపల నొప్పున్నట్టే. జర బోల్టు ఇప్పనియ్" అన్నడు.

"అమ్మ కట్టిన దారం తెంపుతవా భాయ్?" అన్నడు పరశురాం.

ఆ దారం సంగతి చెప్పనే లేదు గదా. పరశురాం తల్లి ఈదమ్మకు బండంటె పానం. ప్రతి అమాస నాడు బండి ముంగట నిమ్మకాయ, మిరపకాయలు మారుస్తది. తర్వాత కొంగు నడుముకు చెక్కి, బండి కిందికి దూరి, గుండుకు కొత్త నల్లదారం చుట్టి, బోల్టు మీద పసుపు కుంకుమ మెత్తుతది. అమాస తప్పిందా? ఎన్నడూ లేదు! పసుపు మీద పసుపు పడి ఆ బోల్టు యాడున్నదో గుర్తు పట్టరాకుంట అయింది. ఇంత నిష్ఠగ సర్వీసింగు జరిగే బండి దేశంల ఇంకొకటి ఉన్నదా?

ఆ ఇంట్ల ఇంకొక సప్పుడు కూడ ఉండె. అది కోమల మోకాలుది. పత్తి చేన్ల వంగి లేస్తుంటె కటుక్కుమనేది. పొయ్యి కాడ కూసుంటె లేవనీకి గోడ పట్టుకోవాలె. "నాకు పాలమూరు దవాఖాన చూపియ్యి, కాలు పట్టేస్తాంది" అని ఆమె అడిగిన ప్రతిపారీ పరశురాం ప్రేమగనే జవాబిచ్చేటోడు.

"నడుస్తున్నవు గదా!"

ఆ వారం ఉల్లిగడ్డ లోడు, మళ్ల వారం గొర్ల లోడు, తర్వాత పత్తి లోడు. బండి ఖాళీగ ఉంటె గదా మొగుడు ఖాళీగ ఉండేది! ఈదమ్మ మాత్రం కోడలిని ఇడిచిపెట్టలే. అమాస నాడు బండికి చుట్టంగ మిగిలిన నల్లదారం తెచ్చి కోమల మోకాలికి కట్టేది. ఒకటే ఉండ, ఒకటే ముహూర్తం. బండికి, కోడలికి ఏం తేడా చూసింది గామె!

ఒకనాడు పొద్దుగాల పరశురాం లోడుకు పోదామని బయటికొస్తె, ముందు సీట్ల కోమల కూసొని ఉన్నది. ఒళ్లె బట్టల సంచి.

"దిగు, మక్తల్ పోవాలె."

"దిగను. ఇయ్యాల లోడు నేనే. పాలమూరు పోనియ్యి" అన్నది.

ఆమె మొకం చూసి పరశురాం బండి తీసిండు. కొత్తకోట కాడ పెద్ద రోడ్డు ఎక్కిండ్రో లేదో, వెనుక మోత ఏడుపైంది, ఏడుపు పెడబొబ్బైంది. ఠక్కుమన్నది. టైర్లు బిగుసుకొని బండి రోడ్డు అంచున కూలబడ్డది.

పరశురాం దిగి ముందుగాల నిమ్మకాయలు చూసిండు. "కొత్తయే గదా! నిన్ననే కట్టె!" అని తల పట్టుకున్నడు.

ఫోన్ చేస్తె ముజఫ్ఫర్ పానాల డబ్బా పట్టుకొని ఉరికొచ్చిండు. పసుపు గోకి, దారం తప్పిచ్చి, బోల్టు ఇప్పిండు. మాడిన బెల్లం పాకం లెక్క నల్లగ ఏదో జారింది. దాంట్ల ఇనుప ముక్కలు తళతళ మెరిసినయి.

"అన్నా, ఎన్నడు మార్చినవ్?"

"నెల నెలా మారుస్తనే ఉన్నం."

"ఆయిలా?"

"నిమ్మకాయలు."

కోమల ఆ నల్లటి మడ్డి దిక్కు చూసింది. తర్వాత తన మోకాలి దారం దిక్కు చూసుకున్నది. దాన్ని పుటుక్కున తెంపి, సంచి అందుకొని, పాలమూరు బస్సుకు చెయ్యి అడ్డం పెట్టింది. "వస్తవా?" అని ఒక్కమాట అడిగింది. పరశురాం బండి దిక్కు చూసిండు. పాపం, బండిని ఒక్కదాన్నే రోడ్డు మీద ఎట్ల ఇడిచిపెడ్తడు? ఆమె కుంటుకుంటనే బస్సెక్కి పోయింది.

దవాఖానల డాక్టరమ్మ మోకాలు వంచి చూసి, "లోపల శాన అరిగిందమ్మా, ఇన్నొద్దులు ఎందుకు ఆగినవ్?" అని అడిగిందట. "నడుస్తున్నవు గదా అన్నరు మేడం" అన్నదట కోమల. గోలీలిచ్చి, కాలు చాపి లేపే కసరత్తు నేర్పి, కింద కూసోవద్దని చెప్పి పంపింది.

బండిని మా ఊరోడు జానీ ట్రాక్టరుకు కట్టి ముజఫ్ఫర్ షెడ్డుకు గుంజిండ్రు. గుండుల కొత్త పండ్ల చక్రాలు, కొత్త ఆయిల్ పడ్డయి. "పెద్దమ్మా, రెండు దసరాలకు ఒకపారి గుండుకు ఆయిల్ తాపాలె" అని ముజఫ్ఫర్ చెప్తె, ఈదమ్మ ఆయన మీదనే లేచింది. "ముందుగాల చెప్పొద్దా! మొక్కు బాకీ ఉంచుతమా?"

ఇప్పుడు చూడుండ్రి ఊరు పరిస్థితి! బండి నూనె పూసినట్టు వచ్చిపోతాంది, సప్పుడే లేదు. ఎస్తేరక్క రెండుపార్లు బండి తప్పిపోయి నడిచిపోయింది. సోమన్న బర్రె అలిగింది. గొర్లు రోడ్డు మీద కెంచి లేస్తలేవు. నేను ముందే చెప్పలేదా?

అన్నిటికంటె ఘోరం పరశురాం ఇంట్ల జరిగింది. మక్తల్ కెంచి ఆకలి మీద వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు, కూసున్నడు. పళ్లెం రాలే. లోపల చూస్తె కోమల కుర్చీల కూసొని కాలు చాపుకొని కసరత్తు చేస్తాంది.

"రొట్టె ఏది?"

"వచ్చినవా? సప్పుడు లేకపాయె" అన్నది.

"ఎదురుంగ నిలబడ్డ గదా!"

"నా మోకాలు గూడ నీ ఎదురుంగనే మోగింది. ఇన్నవా?"

పరశురాం పోయి పొయ్యి మీద చూసిండు, పెనం చల్లగున్నది.

"పిండి డబ్బాల ఉన్నది" అన్నది కోమల, కాలు ఇంకింత పైకి లేపుకుంట. "నీ చేతులు నడుస్తున్నయి గదా!"

కనుక మగమహారాజులారా, నా మాట ఇనుండ్రి. ఆయిల్ మార్చకుండ్రి! మార్చక తప్పదంటరా, మోత రాకముందే మార్చుండ్రి. మోత వచ్చినంక మారుస్తమంటె మాత్రం, ముందుగాల జొన్నరొట్టె కొట్టుడు నేర్చుకోండ్రి. పరశురాం కొట్టిన మొదటి రొట్టెను సోమన్న బర్రె గూడ ముట్టలే.