ఏక సెకండోద్ధరణము

భోజనానంతర నిద్ర సకల ఉద్యోగిలోకమును బల్లలపైకి ఒరిగించుచున్న వేళ, మధ్యాహ్నము రెండు గంటల పదునేడు నిమిషములకు, మూడవ అంతస్తున, ఏసీ గర్జనలతో దద్దరిల్లుచు, చిక్కుపడిన వైర్లచే దుర్గమమై యున్న ప్రయోగశాలయందు, పంచవర్ష థీసిస్ తపోదీక్షితయు, మూషికమస్తిష్కరహస్యాన్వేషిణియు, విస్మృతభోజనయు నగు పరిశోధక విద్యార్థిని రెండు కంప్యూటర్ల నడుమ సమరసన్నద్ధయై కూర్చుండెను.

కయ్యమునకు మూలము ఒక్క సెకను. ఒక యంత్రము ఎలుక మెదడులోని సంకేతములను వ్రాసికొనినది. రెండవది అదే గంటలో ఆ ఎలుక నడకను వీడియో తీసినది. వాని గడియారములు ఒకదానితో నొకటి పొసగవు. అందుకై రెండింటికిని ఒకే తీగ నుండి సెకనుకొక టిక్కు పంపుదురు. ఆ టిక్కులను ఏరి జతపరచిననే రెండు కాలములు ఒక్కటగును. మెదడు యంత్రమున మూడువేల ఆరువందల టిక్కులు చిక్కినవి. వీడియో యంత్రమున ఒకటి తక్కువ. నడుమ ఎక్కడను ఖాళీ లేదు గనుక తప్పినది మొదటిదో, చివరిదో. మొదటిదైనచో ఎలుక ఆలోచించి మలుపు తిరిగినది. చివరిదైనచో ముందు మలుపు తిరిగి, పిదప తీరికగా ఆలోచించినది.

“నీకు నచ్చినట్టు జత కలిపేస్తే అది సైన్సు కాదమ్మా. ఐదింటికల్లా రుజువు చూపించు, లేకపోతే ఆ రికార్డింగు తీసేద్దాం,” అని గైడుగారు ఉదయమే తేల్చిచెప్పిరి. మరల చేయుదమన్న ఆ ఎలుక కాలము చేసినది. రికార్డింగు పోయినచో థీసిస్ మూడవ అధ్యాయము పోవును, ఐదేండ్ల కష్టము బూడిదలో పోసిన పన్నీరగును.

“ఓరీ టిక్కాధమా, మూడువేల ఐదువందల తొంబదితొమ్మిది మంది సోదరులను విడిచి ఒంటిగా పరారైన పిరికిపందా, దమ్మున్నచో నా యెదుటికి రమ్ము, నీ వరుససంఖ్య చెప్పి మరీ చావుము,” అని ఆ వీరాంగన తెరవైపు చూపుడువ్రేలు సాచి ఘోషించెను.

అంతలో ల్యాబు సహాయకుడు, అందరికిని బాబాయి, క్యారియరు కోసము వచ్చి మూలనున్న పాత ఫ్రిజ్జు తెరచెను. అది దడ్డున మ్రోగి వణకసాగెను. ఆ ఫ్రిజ్జు ఆమెకు ఆగర్భశత్రువు. అది మ్రోగినపుడెల్ల రెండు యంత్రములలోను ఒకే క్షణమున ఒక్కొక్క మచ్చ పడును. ఆ మచ్చలను తుడుచుటకు ఆమె ఫిల్టరు ప్రోగ్రాము వ్రాసినది. ఫ్రిజ్జును వెళ్లగొట్టుడని ఆఫీసుకు మూడు ఉత్తరములు వ్రాసినది.

“ఎవర్నమ్మా తిడుతున్నావ్?”

“ఒక టిక్కు పోయింది బాబాయ్. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది పోయిందో తెలీట్లేదు.”

“ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుంది? ఈ ఫ్రిజ్జే నయం. దీనికి వేళాపాళా లేదు, బుద్ధి పుట్టినప్పుడు దడ్డుమంటుంది,” అని ఆయన క్యారియరు విప్పెను.

వీరాంగన చేయి గాలిలో నిలిచిపోయెను. మరుక్షణమే ఫిల్టరును తొలగించెను. తుడిచివేసిన మచ్చలు మరల మొలిచెను: గంటలో ఐదు, వాని నడుమ ఏ రెండు ఎడములును సమానములు కావు. మొదటి మచ్చ మెదడు యంత్రమున రెండువందల పండ్రెండవ టిక్కు తరువాత పడినది. వీడియో యంత్రమున రెండువందల పదునొకండవ దాని తరువాత. తక్కిన నాలుగును అంతే, ఒక్కటి తేడా. తప్పినది మొదటిదే. ఆనాడు వీడియో యంత్రమును మొదలిడు బటను నొక్కుటకు ఆలసించిన ద్రోహి ఎవరో కాదు, ఇందాక తెరను బెదిరించిన ఆ చూపుడువ్రేలే.

ఐదింటికి గైడుగారు వచ్చి, మచ్చలను రెండుమార్లు లెక్కించి, “సరిపోయింది. ఉంచుకో,” అనిరి. ఆమెకు ఏడుపు వచ్చినంత పని అయ్యెను. గుమ్మము దాటుచు ఆయన, “అన్నట్టు, నీ ఉత్తరాలు పనిచేశాయమ్మా. రేపొద్దున ఆ ఫ్రిజ్జు తీసుకెళ్తారట,” అనిరి.

ఇట్లు కాలచక్రమున ఒక్క సెకను ఒక్క గడి ప్రక్కకు జరిగి స్వస్థానమున ప్రతిష్ఠితమయ్యెను; మూషికము ముందే ఆలోచించినదని దాని మరణానంతరము ఋజువయ్యెను; దిగ్విజయిని కలము దూసి నాలుగవ ఉత్తరమునకు ఉపక్రమించెను: “అయ్యా, ఫ్రిజ్జు గురించి నేను ఇంతకుముందు రాసినవన్నీ నిజమే. అందుకే దాన్ని ఇక్కడే ఉంచగలరు.”