పంక్తి, సమితి, ఒక పోలిక నివేదిక

ఆషాఢం మొదటి సోమవారం నుంచి తేజోమయి కాలనీ వాసులందరూ ఒక కంప్యూటరు ప్రోగ్రాములో కాపురముండాలని నివాస క్రమబద్ధీకరణ శాఖ ఉత్తర్వులిచ్చింది. పాల ప్యాకెట్లతో పాటు గేట్లకు తగిలించి వెళ్ళిన ఆ కాగితం చదివి, గోడలూ గిన్నెలూ కూడా వెంట వస్తాయని తెలుసుకుని, జనం మళ్ళీ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పక్క కాలనీ వాళ్ళు పోయిన ఏడే మారిపోయారు. వాళ్ళకేం కాలేదు.

ఒక్క సంగతే తేలాలి. జనాన్ని ప్రోగ్రాములో సర్దడానికి శాఖ దగ్గర రెండు లైబ్రరీలున్నాయి. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. దుకాణంలో దొరికే ఇడ్లీపిండి లాంటిది. మనం రుబ్బుకోనక్కర్లేదు, పులుపు మాత్రం వాళ్ళిష్టం. ఒకదాని పేరు పంక్తి, రెండోదాని పేరు సమితి. చెరో వారం వాడి చూసి, ఏది మేలో కాలనీ వారే పోలిక నివేదిక ఇవ్వాలి. మూడు ప్రతుల్లో.

ఎవరు రాస్తారని శాఖ సూపరింటెండెంటు జోగారావు గారు అడగ్గానే అందరూ వకుళ వైపు చూశారు. వెట్ గ్రైండరు కొనడానికి పదకొండు వారాల పాటు నాలుగు షాపులు తిరిగి, ఏ రాయి ఎంత అరుగుతుందో పాత కేలండరు వెనకాల రాసుకున్న మనిషి ఆవిడ. పైగా బీయస్సీ లెక్కలు. ఇరవై రెండేళ్ళుగా ఆ లెక్కల్ని ఎవరూ ఏమీ అడగలేదు గనుక వెంటనే ఒప్పుకుంది.

"అంత తీరికెక్కడిదే నీకు?" అన్నాడు భర్త భాస్కరం.

"రోజంతా తీరికేనని మీరే కదండీ అందరికీ చెప్తారు," అంది వకుళ.

మొదటి వారం పంక్తి. పెళ్ళిభోజనాల బంతిలాగా అది అందరినీ వరసగా కూర్చోబెట్టి నంబర్లిస్తుంది. నంబర్లు సున్నాతో మొదలు. మొదటి చోటు తనదేనని వచ్చిన కాలనీ అధ్యక్షుడు, అది సున్నా అని విని ఫోను వచ్చినట్టు పక్కకు తప్పుకున్నాడు. అక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో చూద్దామని వకుళే అందులో కూర్చుంది. కాలనీలో నూట పన్నెండు మంది, ఆఖరి నంబరు నూట పదకొండు. నూట పన్నెండో నంబరు మనిషి ఏమయ్యాడని రెండు రోజులు వెతికారు.

బుధవారం నాలుగో చోట్లోకి కొత్తవాళ్ళు అద్దెకొచ్చారు. బంతి మధ్యలో ఎవరైనా వచ్చి కూర్చుంటే మిగతావాళ్ళు విస్తళ్ళు పట్టుకుని జరిగినట్టు, అక్కడి నుంచి ఆఖరిదాకా అందరూ తలో ఇల్లు జరిగారు. భాస్కరం ఆ సాయంత్రం పక్కింట్లో తేలి, వాళ్ళ చెప్పులు తొడుక్కుని, వాళ్ళ టీవీలో వార్తలు చూసి, బాగానే ఉందన్నాడు. శుక్రవారం కొరియరు అతను రెండువందల మూడో నంబరు కావాలన్నాడు. లేని నంబరు అడిగితే పంక్తి ఆగిపోతుంది. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే కాలనీ మొత్తం నలభై నిమిషాలు నిలిచిపోయింది. శాఖ వాళ్ళొచ్చి మళ్ళీ నడిపించాక అందరూ మింగారు.

వకుళ రాసుకుంది: "పిలిచిన నంబరు తక్షణం పలుకుతుంది. జరగడానికి ఓపిక కావాలి. అన్నం చల్లారుతుంది."

రెండో వారం సమితి. ఇందులో ముందూ వెనకా లేదు. నంబర్లు లేవు గనుక కొళాయి దగ్గర క్యూ కూడా లేదు. అధ్యక్షుడూ వాచ్‌మనూ ఒకే సంచిలో నిమ్మకాయల్లా పడి ఉన్నారు. ఎవరి గురించైనా "ఉన్నారా?" అని మాత్రం అడగొచ్చు. ఉన్నారనో లేరనో రెప్పపాటులో జవాబొస్తుంది. వకుళకి ముచ్చటేసింది. కాలేజీలో సుద్దముక్కతో గీసిన వలయాలు గుర్తొచ్చాయి. సమితికి ఉన్న నియమం ఒక్కటే. ఒకేలాంటివి రెండు ఉండకూడదు. రెండోది వస్తే చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది.

ఆ సోమవారం నాలుగింటికి వకుళ టీ గ్లాసులు రెండు పట్టుకుని పిట్టగోడ దగ్గరకు వెళ్ళింది. పదహారేళ్ళుగా ఆ వేళకి గోడకి అటువైపు మెహరున్నీసా ఉంటుంది. టీ ఈవిడది, ఉప్పు బిస్కెట్లు ఆవిడవి, ఊసులు ఇద్దరివీ. ఆ రోజు గోడ ఒక్కటే ఉంది. ఐదింటికి వకుళ మెహర్ వంటింట్లో కుక్కరు దింపుతోంది. అదే ఐదింటికి తన వంటింట్లోనూ, ఇంకో ఇరవై తొమ్మిది వంటిళ్ళలోనూ కూడా తనే దింపుతోంది.

మర్నాడు జోగారావు గారిని పిలిపించింది.

"మేమంతా ఒకేలాంటి వాళ్ళమని ఎలా తేల్చారండీ?"

"ఫారం తొమ్మిది ప్రకారం అమ్మా. పేర్లు లెక్కలోకి రావు, పేర్లు నలుగురికి ఒకటే ఉంటాయి. వృత్తి, హోదా, పనివేళలు, పై అధికారి, ఈ నాలుగే చూస్తాం." ఆయన కట్ట విప్పాడు. "వృత్తి గృహిణి. హోదా లేదు. పనివేళలు లేవు. పై అధికారి వర్తించదు. ముప్ఫై ఒక్క ఫారాలూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. ఇంటి పెద్దలే నింపి సంతకాలు పెట్టారు. ముందు ఎక్కింది మీ ఫారం, అందుకని మీరు నిలిచారు."

"మెహర్ కీమాలో మెంతికూర వేస్తుంది. నేను మాంసమే ముట్టను."

"దానికి గడి లేదమ్మా."

"వాళ్ళ ఇళ్ళ నుంచి ఫిర్యాదులేం రాలేదా?"

"రెండొచ్చాయి. ఒకటి కొళాయి లీకు గురించి. ఇంకోటి మెహరున్నీసా గారింటి నుంచే, కూరలో ఉప్పు తగ్గిందని. సరిచేస్తామని రాశాం. కాస్త చూసుకోండి."

"నివేదికలో పంక్తే మేలని రాస్తే మెహర్ తిరిగొస్తుందా?"

జోగారావు గారు అటూ ఇటూ చూశాడు. "మీరేం రాసినా, నివేదిక అందగానే సమితే ఖాయమవుతుందమ్మా. పై వాళ్ళు ముందే అనుకున్నారు. పోల్చినట్టు ఉండాలని పోల్చమన్నారు."

వకుళ కాసేపు ఆలోచించింది. గ్రైండరు కొన్నప్పుడు ఎనిమిదో వారంలో ఆలోచించినట్టు.

"నివేదిక రాసే మనిషి వృత్తి ఏమని రాస్తారు?"

ఆయన నియమావళి తిరగేశాడు. "పోలిక పరిశీలకురాలు. తాత్కాలికం. హోదా ఉంది, పనివేళలున్నాయి, పై అధికారిని నేనే. నివేదిక ఇచ్చే రోజు దాకా చెల్లుతుంది."

"అయితే నా ఫారం మార్చండి. ఖాళీ అయ్యే గృహిణి చోటు ఎవరికిస్తారు?"

"దరఖాస్తు పెట్టినవారికి."

వకుళ అక్కడే నిలబడి మెహరున్నీసా పేరున దరఖాస్తు రాసింది.

మర్నాడు నాలుగింటికి గోడకి అటువైపు బిస్కెట్ల డబ్బా ముందు కనిపించింది, తర్వాత మెహర్.

"ఎక్కడికి పోయావే?"

"ఎక్కడికీ లేదు, నీలోనే ఉన్నా. ఆ మోకాళ్ళేంటి తల్లీ, డాక్టరుకి చూపించుకోవూ? ఇంకో విషయం, కీమాలో ఉప్పు చూడకుండా దింపేస్తావా?"

"నోట్లో పెట్టకుండా ఎలా చూడను?"

"మరి నిన్నటి నుంచి నేను మీ ఆయన వంకాయ కూర చూడట్లేదూ? నాకు వంకాయ దురద," అంది మెహర్. టీ ఊదుకుంటూ వీధి చివరి దాకా చూసింది. అన్ని వంటింటి కిటికీల్లోనూ తనే కనిపించింది. "మిగతా వాళ్ళో?"

"మూడు ప్రతులు రాయాలి కదా. ప్రతికొక వేరే హోదాతో ఒక్కొక్కరు కావాలని ఇంకో ఇద్దర్ని లాగుదాం."

"ముప్ఫై ప్రతులు కావాలని శాఖ వాళ్ళచేతే అడిగించరాదూ?"

ముప్ఫై ప్రతుల ప్రతిపాదన ప్రస్తుతం పై ఆఫీసులో ఉంది. నివేదిక రెండువందల పేజీలు దాటింది. నివేదిక ఎప్పుడిస్తారని పదిహేను రోజులకొకసారి శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. వకుళ అదే రోజు జవాబు రాస్తుంది: పరిశీలనలో ఉంది. ఆ మాట ఎలా వాడాలో ఆవిడ శాఖ ఉత్తరాలు చూసే నేర్చుకుంది.

రాసుకోవడానికి హాల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుంది. ఆరున్నరకి భాస్కరం వస్తాడు. చెప్పులు విడిచి, బల్ల పక్క నుంచే నడిచి వెళ్ళి, వంటింటి వైపు తిరిగి అడుగుతాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను," అంటుంది లోపలి నుంచి మెహర్.

ఆ మాట వినగానే ఆయన నిశ్చింతగా కూర్చుని పేపరు విప్పుతాడు.

వకుళ కొత్త పేజీ తిప్పి, తారీఖు వేసి, ఆ రోజు పరిశీలన రాసుకుంటుంది: "ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చింది. అడిగినవారు తృప్తి చెందారు."