టోటల్ తొమ్మిది

మెదక్‌లో ఇంద్రకరణ్ కొత్తగా వరికోత మిషన్ కొన్నాడు. ఆ ఉదయం అతని పథకం చాలా చిన్నది: పాపన్నపేట నుంచి కౌడిపల్లి దాకా స్తంభాలకు ఫ్లెక్సీలు కట్టించడం, ఇంటికొచ్చి ఫోన్ పక్కన కూర్చోవడం. కోతలు పదిహేను రోజులే. ఈలోగా కిరాయిలు దొరక్కపోతే మిషన్ వచ్చే పంట దాకా వాకిట్లో ఊరికే నిలబడాల్సిందే.

ఆ ఫోన్ నంబర్ ఆషామాషీది కాదు. అంకెలన్నీ కూడితే చివరికి కలిసొచ్చే అంకె తొమ్మిది వచ్చేలా ఏరికోరి తెచ్చుకున్నది. ప్రెస్సు రత్నాకర్ ఫ్లెక్సీ నమూనా పంపి, "నంబర్ ఒక్కసారి చూస్కో అన్నా" అన్నాడు. మన మహానుభావుడు చూడలేదు, కూడాడు. తొమ్మిది వచ్చింది.

"కరెక్టుంది, కొట్టెయ్!"

రెండు రోజులు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. భార్య రాజమణి వంటింట్లోంచి ఫోన్ చేసి చూసింది. భేషుగ్గా మోగింది.

"మోగుతనే ఉంది గదా. పరేషాన్ గాకు."

"గాకుంటే ఎట్లనే? ఊర్లల్ల వడ్లు పండినయ్, నా ఫోనొక్కటే ఎండింది!"

మూడో రోజు బజార్లో పాపన్నపేట రైతు నర్సింగం ఎదురయ్యాడు. "నీ మిషన్‌కు మస్తు గిరాకీ ఉన్నది గదనే! మీ సారు నన్ను శుక్రవారానికి రాసుకుండు."

"నాకు సారెవడు?"

"ఏమో! పొలం ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలో తప్పు చెప్తే మాత్రం మస్తు కోపం చేస్తుండు."

ఇంద్రకరణ్‌కు అర్థమైంది. తన కిరాయిలు ఎవడో కొట్టేస్తున్నాడు! నర్సింగం చేతిలోని ఫోన్ లాక్కుని, అతను చేసిన నంబర్‌కే కలిపాడు.

"ముందు ఊరు చెప్పుండ్రి, తర్వాత ఎకరాలు" అంది అవతలి గొంతు.

"ఎవడ్రా నువ్వు? ఏడుంటవ్?"

"గాబ్రియేలు, రిటైర్డ్ లెక్కల సారును. చర్చి ఎనక గల్లీ. ఈసారి 'రా' తీసేసి అడుగు."

ఇంద్రకరణ్ ఊగిపోతూ వెళ్ళాడు. డెబ్బై దాటిన గాబ్రియేలు అరుగు మీద పొడుగు నోటుబుక్కుతో కూర్చుని ఉన్నాడు.

"మొదటిరోజంత రాంగ్ నంబరని చెప్పిన. ఎవలూ ఇనలే. వాన మొగులు చూసి రైతులు ఆగమైతుండ్రు, ఇగ రాసుకున్న. నీ నంబర్ చివర డెబ్బై నాలుగు. ఫ్లెక్సీ మీద నలభై ఏడు. అది నాది."

"అట్లెట్లైతది సార్? నేను టోటల్ చేసిన, తొమ్మిదే వచ్చింది!"

"అంకెలు తారుమారైతే టోటల్ మారుతదా బిడ్డా? నీ నంబర్ల, నా నంబర్ల అవే అంకెలు. రెండిటినీ తొమ్మిదితోని భాగిస్తే శేషం సున్నానే. కూడుడు కాదు, చదువాలె!"

ఇంద్రకరణ్ సిగ్గుతో తల దించుకున్నాడు. దించిన తలకు నోటుబుక్కు కనబడింది. ముప్పై ఒక్క కిరాయిలు! మిషన్ వెనక్కి తిరిగే పని లేకుండా ఊరి తర్వాత ఊరు వరుసగా రాసి ఉన్నాయి. అతనికి నిజంగానే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"నన్ను బతికించిండ్రు సార్! రేపే ఫ్లెక్సీలు మార్పిస్త. మీకు ఇగ తక్లీఫ్ ఉండది."

గాబ్రియేలు చప్పున నోటుబుక్కు మూసేశాడు. "మారిస్తే ఊకోను! ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన. ఇంతమంది ఎన్నడన్న నన్ను లెక్క అడిగిండ్రా?"

ఫ్లెక్సీలు అలాగే ఉన్నాయి, కోతలు జోరుగా సాగుతున్నాయి. రేపు తన మిషన్ ఏ ఊరికి పోవాలో తెలియాలంటే ఇంద్రకరణ్ కూడా సారుకే ఫోన్ చేయాలి. ఎప్పుడు చేసినా లైను బిజీ.