ఎనిమిది చానెళ్ళ మాతృభక్తి

ప్రతి ఇంట్లోనూ ఒక మల్టీచానెల్ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. కొనే స్తోమత లేదా? బెంగపడకండి. దాన్ని ఎంపిక చేస్తూ కూర్చునే భర్త ఒకడున్నా చాలు, అదే పుణ్యం దక్కుతుంది!

అసలదేమిటని అడుగుతారా? నేనూ అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకీ ఓ ఆదివారం మొత్తం ఖర్చయింది. మీకా ఖర్చు తప్పిస్తాను. టీవీలోంచి వచ్చే శబ్దాన్ని విడదీసి, మాటల్ని మధ్య స్పీకరుకీ, సంగీతాన్ని పక్క స్పీకర్లకీ, ఉరుముల్నీ పిడుగుల్నీ మూలనున్న వూఫరుకీ పంచిపెట్టే పెట్టె అది. వడ్డన లాంటిదే. ఎవరికెంత, ఎప్పుడు అన్నది తెలిసుండాలి. ఆ పని నేనూ రోజూ చేస్తున్నాను గానీ నన్నింతవరకూ ఎవరూ ప్రాసెసర్ అనలేదు.

మా ఇంట్లో దీని అవసరం ఎలా వచ్చిందంటే, ఒక సాయంత్రం మా అత్తగారు సీరియల్ చూస్తూ, "వీళ్ళేం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క తెలియట్లేదురా" అన్నారు.

ఇంకో ఇంట్లో ఇంకో కొడుకైతే రిమోట్ తీసి సౌండ్ పెంచి ఊరుకునేవాడు. మావారు అంత మొరటు మనిషి కారు. లేచి హాలు నాలుగు మూలలకీ వెళ్ళి, మూలమూలనా చప్పట్లు కొట్టి, తల వంచి శ్రద్ధగా విన్నారు. విని తీర్పు చెప్పారు.

"గదిదేనమ్మా తప్పు. గోడలు మాటల్ని మింగేస్తున్నాయి."

"ఏమిటీ? ఏం మింగావురా?" అన్నారు అత్తగారు కంగారుగా.

"చూశావా?" అన్నారు మావారు నా వంక తిరిగి. "నా మాట కూడా మింగేశాయి!"

ఆ రోజు నుంచి మా ఇంటికి పట్టిన అదృష్టాన్ని ఏమని వర్ణించను?

మావారు మితభాషి. పెళ్ళయిన కొత్తలో ఆయన నోట ఒక పూర్తి వాక్యం వస్తే చాలునని ఎదురుచూసినదాన్ని. అలాంటి మనిషి ఇప్పుడు కూరలు తరుగుతున్న నా పక్కన చేరి, ఆరు చానెళ్ళ పెట్టె మంచిదా, ఎనిమిది చానెళ్ళదా, లేటెన్సీ అంటే నాకేమైనా తెలుసా, తెరమీద పెదవి కదిలిన ఎంతసేపటికి మాట వినబడాలి అంటూ పొయ్యి మీద కూర మాడేదాకా మాట్లాడుతున్నారు! ఏ ఇల్లాలికి దక్కుతుందండీ ఈ భాగ్యం?

నా పుస్తకాలకీ గౌరవం పెరిగింది. చదువుకునే రోజుల నుంచి నేను దాచుకున్న పుస్తకాల్ని "ఈ చెత్త" అని తప్ప మరో పేరుతో పిలవని మనిషి, బీరువాని స్వయంగా తోసి హాలు వెనక గోడకి చేర్చారు. పుస్తకాలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయట! ఇప్పుడు నేనొకటి తీసి చదువుకోవాలంటే అంతే మందం ఉన్నది ఇంకొకటి ఆ ఖాళీలో పెట్టాలి. సాహిత్యం బరువేమిటో ఆయనకి ఇన్నాళ్ళకి తెలిసింది.

అతిథులకీ లోటులేదు. మావారి స్నేహితుడొకాయన ఉన్నారు. ఆయనింట్లో పాట పెడితే మా వంటింట్లో గిన్నెలు వణుకుతాయి కాబట్టి మేం వూఫర్ అన్నయ్యగారంటాం. సాయంత్రమైతే వచ్చి కూర్చుంటారు.

"ఆరు చానెళ్ళు ఏ మూలకిరా?"

"చాలవంటావా?"

"ఇంకొకరి కోసమైతే చాలునంటాను. అమ్మ కోసం కూడా లెక్కలు చూసుకుంటావేంట్రా?"

మాతృభక్తికి ఆరు చానెళ్ళు చాలవని ఆ విధంగా తేలిపోయింది. ఎనిమిది చానెళ్ళ పెట్టె తెప్పించడానికి నిశ్చయమైంది.

ఈలోగా ఆ అమ్మగారు, అదే మా అత్తగారు, ఏం చేస్తున్నారంటారా? నవ్వుతున్నారు. ఎవరేమన్నా చిరునవ్వుతో తలూపుతున్నారు. వయసుతో వచ్చిన శాంతం కాబోలనుకున్నాం. వాళ్ళ అక్కయ్య ఫోన్ చేస్తే గంటకి తక్కువ వదలని మనిషి, "ఎందుకొచ్చిన ఫోనులే, నువ్వే మాట్లాడమ్మాయ్" అని నా చేతికిచ్చేస్తున్నారు. ఆ సోదంతా విడిచిపెట్టేశారని మావారు సంతోషించారు కూడా!

పెట్టె వచ్చింది. దాన్ని గదికి తగ్గట్టు సరిచేసే రోజూ వచ్చింది. ఫ్యాన్ కట్టేశారు. ఫ్రిజ్ ఆపేశారు. నన్ను ఊపిరి మెల్లగా పీల్చమన్నారు. సోఫాలో అత్తగారు కూర్చునే చోట, సరిగ్గా ఆవిడ చెవి ఎత్తున, కర్రకి ఒక మైకు కట్టారు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందని సామెత. మావారు అంత అమాయకులా? ముందు చంక ఖాళీ చేశారు! "అమ్మా, నువ్వు కాసేపు వంటింట్లో కూర్చో. నువ్వుంటే కొలతలు తేడా వస్తాయి" అన్నారు.

స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి కూశాయి. కంప్యూటర్‌లో గీత వంకర లేకుండా తిన్నగా వచ్చింది. మైకుకి బ్రహ్మాండంగా వినబడింది.

వంటింట్లో నేను పొయ్యి వైపు తిరిగి, "టీ పెట్టనా అత్తయ్యా?" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూస్తూ అడిగాను.

"పెట్టవే, అడగాలా?" అన్నారు వెంటనే.

అయ్యో, వంటింటి గోడలు కూడా పాడైపోయాయన్నమాట! స్పీకర్లే లేని గదికి ఏ ప్రాసెసర్ పెట్టించను?

మర్నాడు ఆవిణ్ణి తీసుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చేసిన అమ్మాయి చెవికి పెట్టుకునే గోరంత యంత్రాలు నాలుగు బల్లమీద పరిచింది. వీటిలోనూ శబ్దాన్ని విడదీసే చానెళ్ళే ఉంటాయట!

ఇక చూడండి నా చదువు! ఎన్ని చానెళ్ళన్నాను. లేటెన్సీ ఎంతన్నాను. పదిమంది ఒక్కసారే మాట్లాడితే ఎదురుగా ఉన్నవాళ్ళ మాటని ఎలా పైకి తెస్తుందన్నాను.

ఆ అమ్మాయి కళ్ళద్దాలు సర్దుకుని, "మీరు ఇంజనీరా మేడమ్?" అంది.

"కాదమ్మా, ఇంజనీరు భార్యని. సిలబస్ ఒకటే."

సాయంత్రం కూరలు తరిగే వేళకి ఎంచుకుని, పెట్టించుకుని ఇంటికొచ్చేశాం. ఈ సంగతి మావారికి చెబుదామని నోరు తెరిచాను. "ఉష్! ఒక్క నిమిషం, టోన్ నడుస్తోంది" అన్నారు. స్పీకర్ల ఆ కూత ఆగేసరికి నాకు వేరే పనులు తగిలాయి.

అత్తగారు తన చోట కూర్చున్నారు. సీరియల్ మొదలైంది. రెండు డైలాగులు కాకముందే ఆవిడ ఉలిక్కిపడ్డారు.

"ఏమిట్రా ఈ గోల! తగ్గించు. గుసగుసలాడుకుంటున్నవాళ్ళకి కూడా ఇంత అరుపెందుకు?"

మావారికి కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే వూఫర్ అన్నయ్యగారికి ఫోన్ చేశారు. "సెంటర్ చానెల్‌ని రవ్వంత వెనక్కి జరిపానురా, అంతే! అమ్మకి గుసగుసలు కూడా వినబడుతున్నాయి!" అటునుంచి అభినందనలు అత్తగారికి కూడా స్పష్టంగానే వినబడ్డాయి.

ఆ రాత్రి ఆవిడ వాళ్ళ అక్కయ్యకి తనే ఫోన్ చేసుకున్నారు. నవ్వుకున్నారు, పోట్లాడుకున్నారు, అన్నం వేళ దాటిపోయింది. ఫోన్ పెట్టేశాక, "ఇప్పటికైనా ఆయనకి చెప్పనా అత్తయ్యా?" అన్నాను.

"చెప్పకు. వాడికి పెదవికీ మాటకీ మధ్య రవ్వంత తేడా ఉన్నా తెలుస్తుందంటగా? పక్కనే కూర్చునే తల్లి చెవి ఎప్పటికి కనబడుతుందో నేనూ చూస్తాను."

కాబట్టి పాఠకులారా, నా మాట నమ్మండి, మీరూ ఒకటి కొనుక్కోండి. మా ఇంట్లో అందరికీ అన్నీ వినబడుతున్నాయి. అత్తగారు ఇప్పుడు జుట్టు చెవి వెనక్కి గట్టిగా దువ్వి, ఆ చెవి కొడుకు వైపే తిప్పి కూర్చుంటున్నారు. నిన్న సాయంత్రం మావారు ఆవిడ పక్కనే నిలబడి, ఆ చెవి దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"బాగుందిరా నాన్నా" అన్నారు ఆవిడ, కొడుకు మొహంలోకి చూస్తూ.

ఆయన తృప్తిగా తల పంకించి, నా చీర కొంగు అడిగి తీసుకుని, ప్రాసెసర్ మీది దుమ్ము తుడిచారు.