మీసం తీసిన శనివారం

కామేశ్వరరావు మీసం పోయింది ఒక శనివారం నాడు. అది 1968 వేసవి. ఆ ఉదయం నిద్ర లేచినప్పుడు అతని ఆలోచనల్లో మీసం లేదు. ఒంటిపూట ఆఫీసు ముగించుకుని, సాయంత్రం టెక్కలి హైస్కూలు హాల్లో కళాసమితి వార్షికోత్సవ నాటకం చూడాలనుకున్నాడు. తెర లాగేవాళ్ళ పక్కన కాస్త చోటు దొరికితే చాలనుకున్నాడు.

ఒకప్పుడు ఆడవేషమంటే ఆ ఊళ్ళో అతనిదే. మూడేళ్ళ కిందట ఒక వేషం కోసం మీసం తీసినప్పుడు, నౌపడ ఉప్పుమళ్ళలో మేస్త్రీగా ఉన్న తండ్రి తవిటయ్య మండిపడ్డాడు. తండ్రి పోయినప్పుడు తీయవలసిన మీసాన్ని తండ్రి తిరుగుతుండగానే తీయడం ఏమిటని అతని బాధ. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు. కామేశ్వరరావు వేషాలు మానేసి, మీసం ఒత్తుగా పెంచాడు. దాన్ని చూసైనా ఎప్పటికో ఒకప్పటికి తండ్రి పలకరిస్తాడని ఆశ.

అతను గుమ్మం దిగుతుండగా కళాసమితి కార్యదర్శి శేషగిరి మాస్టారు సైకిలు దిగారు.

"బరంపురం ఆవిడ రాలేదయ్యా. జ్వరమట. రాణి వేషం నువ్వే కట్టాలి."

"నేనా? మా నాయన సెవిన పడితే ఇంకేటైనా ఉందేటి మాస్టారూ?"

"మూడేళ్ళుగా మాట్లాడని మనిషి కొత్తగా ఏం మానేస్తాడు?"

కామేశ్వరరావు మీసం ఒకసారి తడుముకున్నాడు. వేషం మీద కోరిక ఇంకా చావలేదు.

"ఇంకొక మాట," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "ఆడవేషం ఆడమనిషే వేస్తుందని ఊరంతా చాటింపు వేయించాం. సంగతి బయటపడితే హాల్లో మనమే మిగులుతాం. ఇంట్లో కూడా చెప్పకు. అసలు సాయంత్రం దాకా నోరే విప్పకు. గొంతు కూడా నిలుస్తుంది."

కామేశ్వరరావు మాట ఇస్తే తప్పేవాడు కాదు. మంగలి దుకాణంలో కూర్చుని వేలితో మీసం చూపించాడు. మంగలి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, పాడుతున్న రేడియో కట్టేశాడు. చావు సంగతి నోరు తెరిచి అడగడం మర్యాద కాదు కనుక ఏమీ అడగలేదు. పని కాగానే చేతులు జోడించాడు. ఎందుకో తెలియకపోయినా కామేశ్వరరావు కూడా జోడించాడు.

నాటకంలో రాజు యుద్ధంలో పోయాడని విని రాణి ఏడ్చే ఘట్టం ఒకటుంది. దాన్ని మనసులో అనుకుంటూ బజారు వెంట నడిచేసరికి అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆఫీసులో సూపరింటెండెంటు అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. "వెళ్ళవయ్యా, వెళ్ళు. సెలవు సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు. అడగకుండానే సెలవు దొరికింది. ఆఫీసరులో ఇంత కళాభిమానం ఉందని కామేశ్వరరావుకు అంతవరకూ తెలియదు. వంగి దండం పెట్టి హైస్కూలు దారి పట్టాడు.

పొరుగింటి దేముడమ్మ బజారులో అతన్ని చూసింది. కూరల బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

"ఒలే పైడితల్లీ, పొయ్యి ఆర్పీయే! మీ మావ పోనాడే!"

కామేశ్వరరావు భార్య పైడితల్లి ఉడుకుతున్న చేపల పులుసు పెరట్లో పారబోసింది. కబురు విని మొగుడు ముందే వెళ్ళిపోయి ఉంటాడనుకుని, ఏడుస్తూ నౌపడ బస్సెక్కింది. బస్సులో తవిటయ్యను ఎరిగినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ఆమెకు తోడుగా ఏడ్చారు. ఎరగనివాళ్ళు తవిటయ్య మంచివాడని చెప్పుకున్నారు.

నౌపడలో తవిటయ్య ఉప్పు పోగు చేయిస్తున్నాడు. ఇంటివైపు నుంచి శోకాలు వినబడితే మడిగట్ల వెంట పరుగున వచ్చాడు.

"ఎవులే? ఎవులు పోనారే?"

"నువ్వే మావా!" అంది పైడితల్లి ఏడుపు ఆపకుండా. తరవాత ఆపింది.

"నేనా? నాతో ఎవులూ సెప్పనేదే!"

"నీ కొడుకు మీసం తీసీసినాడు మావా. టెక్కలంతా సూసినారు."

తవిటయ్యకు సంగతి అర్థమైంది. "నేను బతికుండగా మళ్ళీనా! ఇయ్యాల ఆడి ఈపు సిట్లగొడతాను," అని చేతికర్ర తీసుకుని టెక్కలి బయలుదేరాడు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా వెంట బయలుదేరారు.

టెక్కలిలో శేషగిరి మాస్టారు ఊళ్ళో పుకారు విని మొదట నవ్వుకున్నారు. పైడితల్లి ఏడుస్తూ నౌపడ వెళ్ళిందని విన్నాక నవ్వలేకపోయారు. తవిటయ్య నిజంగానే పోయి ఉండాలి. కొడుక్కు ఒక్కడికే తెలియదు. హార్మోనియం వాయించే దేవదానాన్ని పక్కకు పిలిచారు. దేవదానం ఆదివారం బాప్టిస్టు చర్చిలోనూ, మిగతా రోజులు నాటకాలకూ వాయిస్తాడు.

"సెప్పకపోతే ఎలాగండీ? కన్నతండ్రి," అన్నాడు దేవదానం.

"చెబితే నాటకం లేదు. అయ్యాక చెబుదాం."

"అయితే నేను ప్రార్థన సేత్తానండి," అని దేవదానం ఒక మూల మోకరించాడు. రాణి చీర కట్టుకుంటున్న కామేశ్వరరావు అది చూసి, "బాగా సెయ్యి దేవదానం, పద్యాలు మరిసిపోకండా," అన్నాడు.

కళాసమితి అధ్యక్షుడు దక్షిణామూర్తి ప్లీడరుకు ఈ ఏర్పాటు చెప్పడం ఇద్దరూ మరిచారు. ఆయన తెర ముందుకు వచ్చి, కళాకారుడు కామేశ్వరరావు తండ్రి తవిటయ్య స్వర్గస్థుడయ్యాడని ప్రకటించి, ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. సభ లేచి నిలబడింది. అప్పుడే లోపలికి వచ్చిన తవిటయ్య, ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని, తలపాగా తీసి తానూ నిలబడ్డాడు.

ఆ నిశ్శబ్దంలో తెర వెనుక నుంచి ఏడుపు వినబడింది.

"నాయనా! మాటాడకండానే ఎల్లిపోనావా నాయనా! ఒక్క తిట్టైనా తిట్టనేదే!"

"వన్స్ మోర్!" అన్నారెవరో వెనక బెంచీలో. ప్లీడరుగారు అటు ఉరిమి చూశారు.

తవిటయ్య ఆ గొంతు గుర్తుపట్టాడు. కర్ర పట్టుకుని పక్కమెట్లు ఎక్కి తెర వెనక్కు వెళ్ళాడు. నగలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, పెదవులకు రంగు వేసుకున్న రాణి ఒకతె నేల మీద కూలబడి ఏడుస్తోంది. తల ఎత్తి అతన్ని చూసి, "నాయనా?" అంది.

తవిటయ్య కర్ర కొంచెం ఎత్తాడు. అలాగే కొంతసేపు ఉంచి, దించాడు. తరవాత దేవదానం వైపు తిరిగాడు.

"ఆడికి సెప్పు బాబూ, నేను సావనేదని."

"ఎదురుగానే ఉన్నాడు కదండీ, మీరే సెప్పండి."

"నేను ఆడితో మాటాడను."

దేవదానం చెప్పాడు.

"మొకం మీద రంగంతా కారిపోతంది. తుడుసుకోమను. బయట జనం సూత్తన్నారు."

దేవదానం అదీ చెప్పాడు.

నాటకం జరిగింది. తవిటయ్య ముందు వరుసలో కూర్చుని చివరిదాకా చూశాడు. రాణి ఏడ్చినప్పుడల్లా పక్కనున్నవాళ్ళకు, "మావోడే," అని చెప్పాడు. ఆ తరవాత కామేశ్వరరావు కట్టిన ప్రతి వేషానికీ నౌపడ నుంచి వచ్చి చూసి వెళ్ళాడు. కొడుకుతో మాట్లాడటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.