కిటికీ మీద తోట

రండి, దగ్గరికి జరగండి. వెనక గుసగుసలాడేవాళ్ళు ఆ కబుర్లు కాసేపు కొంగున ముడేసుకోండి. అందరూ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి కూర్చోండి. ఈ కథలో అది అంత తేలిగ్గా దొరకదు.

మంత్రిగారు పెద్దాసుపత్రి మెట్ల మీద నిలబడి, మైకు సరిచేసుకుని, ఇవాళ్టి నుంచి ఇది పర్యావరణహిత ఆసుపత్రి అని ప్రకటించారు. "ఇక్కడ మనుషులే కాదు, గోడలు కూడా ఊపిరి పీలుస్తాయి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇంత గొప్ప మాట అంతకుముందు ఏ మంత్రికీ తట్టలేదు.

ఆ మాట లోపల మంచం మీదున్న డ్రైవరు బాబాయి చెవిన పడింది. ఆయనకి గోడల మీద కాస్త అసూయ కలిగింది. ఉబ్బసం మనిషి. జన్మంతా బస్సు నడిపినవాడేమో, పక్కన కిటికీ, మొహాన గాలి లేకపోతే ఇంట్లో అన్నం కూడా సయించదు. వార్డులో కిటికీలకి ఏనాడో రంగులేసినప్పుడు రెక్కలన్నీ అతుక్కుపోయాయి. తెరుచుకునేది ఒక్కటే. దాని పక్క మంచం కోసం పిన్ని, అంటే బాబాయి భార్య, సిస్టరమ్మ వెనకాల కాళ్ళరిగేలా తిరిగి సాధించింది. ఆ కిటికీ తెరిచున్నంతసేపు బాబాయికి ఊపిరాడుతుంది. మూస్తే పిల్లికూతలు మొదలవుతాయి. జబ్బు అంతా అంతే, వైద్యమూ అంతే.

మర్నాడు పనివాళ్ళొచ్చి వార్డు బయటి గోడకి ఇనప చట్రం బిగించారు. దాన్నిండా మొక్కల కుండీలు వేలాడదీశారు. కిటికీ ఉంది కదా, అక్కడ మాత్రం వదిలేద్దామని ఒకడన్నాడట. తోటకి చిల్లు పెడతావా అని మేస్త్రీ కసిరాడట. మొత్తానికి గోడ నిగనిగలాడింది. వార్డు చీకటైంది.

పెద్ద డాక్టరుగారు తోట చూసుకోవడానికి వచ్చినప్పుడు బాబాయి ఆయాసపడుతూనే అడిగాడు.

"అయ్యా, నా గాలి పోయిందండీ."

"ఎక్కడికీ పోలేదు బాబాయ్. ఇప్పుడది ఆకుల్లోంచి వడకట్టుకుని వస్తుంది. క్వాలిటీ గాలి."

"కిటికీ మూసుంటే ఎలా వస్తుందండీ?"

"తెరిస్తే రెక్క కుండీకి తగుల్తుంది. ప్రాణం ఉన్న మొక్క, దెబ్బ తగలదూ?"

ఆ జాలి చూసి వార్డు వార్డంతా కరిగిపోయింది. చీకటి కాబట్టి పగలంతా లైట్లు వేశారు. ఉక్క కాబట్టి ఏసీలు పెట్టారు. ఇవన్నీ మోయలేక కరెంటు మాటిమాటికీ పోతుంటే జనరేటరు తెచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలా అని మీటింగు వేసుకుని, ఆకులు పొగని పీల్చేస్తాయి కదా అని తోట కిందే పెట్టారు. ఆకులు నిజంగానే పీల్చేశాయి. పీల్చి, తలలు వాల్చేశాయి.

అప్పుడు చూడాలి పెద్ద డాక్టరుగారిని. రౌండ్లకి రమ్మంటే పొద్దెక్కితే గాని రాని మనిషి, తెల్లారకుండానే చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు. మంత్రిగారు కెమెరాలతో మళ్ళీ వస్తానని కబురు పెట్టారు మరి. మొక్కలన్నింటినీ తక్షణం చల్లని చోటికి చేర్చమన్నారు. ఆసుపత్రిలో చల్లని చోటు వార్డు ఒక్కటే. వార్డులో నేల మీద ఏదీ ఉంచకూడదని రూలు. అందుకని కుండీల్ని మంచాలెక్కించారు. రోగులకి మడత మంచాలిచ్చి వెనక పెరట్లోకి పంపారు.

మంచం మీదున్న వాళ్ళెవరికైనా కేసు షీటు ఉండాలన్నది ఇంకో రూలు. సిస్టరమ్మ రూలు తప్పే మనిషి కాదు. ప్రతి మొక్కకీ షీటు తగిలించింది, మట్టిలో థర్మామీటరు గుచ్చింది. పెద్ద డాక్టరుగారు ఉదయం, సాయంత్రం ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఆకు పట్టుకుని నాడి చూసినంత శ్రద్ధగా చూశారు.

"ఆరో మంచం ఎలా ఉంది?"

"రాత్రి కలతగా ఉందండీ. రెండాకులు రాల్చింది."

"యూరిన్?"

సిస్టరమ్మ కుండీ కింద పళ్ళెం వంచి చూపించింది. డాక్టరుగారు తృప్తిగా తలూపి, పక్క మంచానికి నడిచారు.

పెరట్లో మాత్రం వేరే ప్రపంచం. పడమటి గాలి హాయిగా వీచింది. బాబాయి చాన్నాళ్ళకి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. లేచి కడుపునిండా తిన్నాడు. ఉప్పు తగ్గిందని పిన్నితో పోట్లాడాడు. పోట్లాడే ఓపిక వచ్చిందంటే మనిషి దక్కినట్టేనని పిన్ని కళ్ళొత్తుకుంది.

మంత్రిగారొచ్చే రోజు రానే వచ్చింది. మొక్కల్ని కడిగి, తుడిచి, మళ్ళీ గోడకెక్కించారు. రోగుల్ని లోపలికి తరిమి, మడత మంచాలు ఎత్తేశారు. బాబాయి కదలలేదు.

"పేషెంటన్నవాడు మంచం మీదుండాలి బాబాయ్. ఫోటోలున్నాయి" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"మంచం మీదే ఉన్నాను కదండీ."

"ఇది లెక్కలో మంచం కాదు."

"లోపల పడుకుంటే నేనే లెక్కలో ఉండనండీ."

 పిన్ని వచ్చి మంచం పట్టె మీద బరువుగా కూర్చుంది. ఇద్దర్నీ ఎత్తి మోసే టైము లేక, పర్యావరణమే ఆరోగ్యం అని రాసిన బ్యానరు అడ్డంగా కట్టి వాళ్ళని కనపడకుండా చేశారు.

ఆ రోజుకి హరిత దినమని పేరు పెట్టారు కాబట్టి పొగ రాకూడదని ఆ పూట జనరేటరు ఆపేశారు. కరెంటు తన అలవాటు ప్రకారం పోయింది. వార్డులో మంత్రిగారు, ఆయన అనుచరులు, అనుచరుల అనుచరులు, కెమెరాలు. బయటి రొద పడకుండా తలుపులు మూశారు. మంత్రిగారు రోగి భుజం మీద చెయ్యి వేసి, స్వచ్ఛమైన గాలి ప్రతి పౌరుడి హక్కు అని చెప్పబోయి, స్వచ్ఛమైన అన్నదాకా వచ్చి ఆగిపోయారు. మొహం ఎర్రబడింది. తర్వాత ఇంకో రంగుకి తిరిగింది. ఆక్సిజన్ కోసం పరిగెత్తినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. సిలిండర్లున్న గది తలుపుకి అడ్డంగా మిగిలిన కుండీలు పేర్చి ఉన్నాయట.

మంత్రిగారిని ఎత్తుకుని పెరట్లోకి తెచ్చారు. బ్యానరు చింపితే గాలి తగిలే మంచం ఒకటే ఉంది. దాని మీద బాబాయి ఉన్నాడు.

"లేవండి, అవతల మంత్రిగారు" అన్నారు పెద్ద డాక్టరుగారు.

బాబాయి జరిగి సగం మంచం ఇచ్చాడు. ఊపిరాడని బాధ ఆయనకి ఒకరు చెప్పాలా. పిన్ని కొంగుతో విసిరింది. మంత్రిగారు భారీ మనిషి, సగం మంచం చాల్లేదు.

"మొత్తం ఇస్తానండీ. నా కిటికీ తెరిపించండి, ఇప్పుడే వెళ్ళి నా చోట పడుకుంటాను."

"ముందు మీరు లేవండి, తర్వాత చూద్దాం."

"బస్సు తలుపు తియ్యందే దిగమంటే ఎలాగండీ" అన్నాడు బాబాయి నెమ్మదిగా.

పెద్ద డాక్టరుగారు ఇంకా ఆలోచిస్తుండగా, మాట పెగలని మంత్రిగారే రెండు చేతులూ ఎత్తి, తెరవండి తెరవండి అని సైగ చేశారు. అధికారంలోకి వచ్చాక ఆయన ఇచ్చిన అతి స్పష్టమైన ఉత్తర్వు అదే. మేస్త్రీ చట్రం కోశాడు. కుండీలు దబదబా పడ్డాయి. కిటికీ బార్లా తెరుచుకుంది. బాబాయి లేచి, చొక్కా సర్దుకుని, తన కాళ్ళ మీద తనే నడిచి లోపలికెళ్ళాడు.

కాసేపటికి మంత్రిగారు తేరుకుని, విలేకరుల వైపు తిరిగారు. "ఈ పద్ధతిని ముందు నా మీదే పరీక్షించుకున్నాను" అన్నారు. "ఫలితం మీరే చూశారు. ప్రతి ఆసుపత్రికీ ఇలాంటి తోటగోడ కట్టిస్తాం." పెద్ద డాక్టరుగారికి అక్కడికక్కడే శాలువా కప్పారు. లోపల బాబాయి కిటికీకి మొహం పెట్టి గురక పెడుతున్నాడు.

జనం చెదురుతుంటే, తమ్ముణ్ణి వీల్‌చెయిర్లో కూర్చోబెట్టుకుని ఇదంతా చూస్తున్న ఒక పెద్దమనిషి సిస్టరమ్మ దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తల్లీ, మావాణ్ణి ఆ మొక్కల్ని చూసే డాక్టరుకే చీటీ రాయండి. మనుషుల్ని చూసే డాక్టరుకి ఇదివరకే చూపించాం, గుణం కనపళ్ళేదు."