చిన్నకోటయ్యగారి చివరి రక్తపు బొట్టు

"నా ఒంట్లో చివరి రక్తపు బొట్టు దాకా గురజాల ప్రజలకే అంకితం!"

పుట్టినరోజు ఫ్లెక్సీ మీద నాయకుడు చిన్నకోటయ్యగారు వేయించుకున్న మాట ఇది. ఊరు మొత్తమ్మీద దాన్ని నమ్మిన ప్రాణి ఒక్కటే. ప్రాణి అనడానికీ కాస్త మొహమాటపడాలి. పాడుబడ్డ నాపరాతి క్వారీలో మూడొందల ఏళ్లుగా కాపురముంటున్న రక్తపిశాచి, సుబ్బరత్నం!

సుబ్బరత్నం నియమం తప్పదు. మనసారా ఇస్తేనే తాగుతుంది, దొంగచాటుగా మెడలు కొరకదు. ఫలితం, నలభై రోజుల పస్తు. ఇవాళ పొద్దుగూకేలోగా గుక్కెడు పడకపోతే క్వారీ దుమ్ములో దుమ్మైపోతుంది.

మిట్టమధ్యాహ్నం చున్నీతో మొహం చుట్టుకుని, గొడుగేసుకుని ఆయన పుట్టినరోజు రక్తదాన శిబిరానికి వచ్చింది. ఎవరూ అనుమానించలేదు. మే నెల పల్నాటి ఎండలో మొహం చుట్టుకోని ఆడమనిషి కనిపిస్తేనే అనుమానించాలి!

కల్యాణమండపంలో ఒకటే మంచం. జనం వరసగా వచ్చి పడుకుంటున్నారు. నర్సు హరిత వాళ్ల మోచేతికి ప్లాస్టరుతో ట్యూబు అంటిస్తోంది. ఫోటో! లేచి అరటిపండు, గ్లాసుడు మజ్జిగ పుచ్చుకుని పోతున్నారు. ఎర్రటి సంచి మాత్రం మంచానికి పైన, స్టాండుకు వేలాడుతోంది. రక్తం పైకి కారడం సుబ్బరత్నం మూడొందల ఏళ్లలో చూడలేదు.

"ఏమే అమ్మాయ్, సూది ఏదీ?"

"సూదెందుకు పెద్దమ్మా? పొడిస్తే సాయంత్రం ఊరేగింపుకి ఎవరొస్తారు?"

అంతలో చిన్నకోటయ్యగారే మంచమెక్కారు. సుబ్బరత్నం దగ్గరికెళ్లింది. "అబ్బాయ్, ప్రాణమ్మీదికొచ్చింది. ఆ సంచి నాకిస్తావా?"

ఆయన ఓరకంట కెమెరాను చూసుకున్నారు. "తీసుకో తల్లీ! నా రక్తం నాదా? మీది!"

సుబ్బరత్నం చున్నీ దించి, కోరతో సంచి మూల కొరికి ఒక్క గుక్క వేసింది.

"థూ! ఏందిరా ఇది? రోజ్ షర్బత్తు!"

మండపం అట్టుడికిపోయింది. కోరలు చూసి కాదు.

"మాకు నీళ్ల మజ్జిగ పోసి, నీకు షర్బత్తా?" అని జనంలోంచి లేచాడు శివనాగరాజు.

"షర్బత్తు కాదురా, నా రక్తమే!"

"రక్తం తియ్యగా ఉంటదా?"

"నాకు షుగరు! చానా ఉంది!"

"అయితే ఇంకో సంచి తీయించు, చూస్తాం!" అన్నారు జనం. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

"మనసారా ఇస్తున్నానని మైకులో చెప్పు నాయనా, నాది నియమం," అంది సుబ్బరత్నం.

"మ... మనసారా!"

హరిత ఆ రోజుకి మొదటిసారి సూది బయటికి తీసింది. దాన్ని చూసే చిన్నకోటయ్యగారు స్పృహ తప్పారు. సంచి నిండింది. సుబ్బరత్నం ప్రాణం నిలబడింది. రక్తం తియ్యగానే ఉంది. పాపం, ఆ ఒక్క మాట నిజమే చెప్పాడు!

వారం తిరక్కుండా ఆయన పెళ్లిరోజు ఫ్లెక్సీ లేచింది. "నా కంచంలో చివరి మెతుకు దాకా ప్రజలకే!"

సుబ్బరత్నం గొడుగు కింద నిలబడి రెండుసార్లు చదివింది. క్వారీకి పోయి, డొక్కల కరువు నాటి నుంచి పక్క గుంతలో పడున్న ఆకలి దయ్యాన్ని తట్టి లేపింది.

"లేవే మహాలక్ష్మమ్మా, చేతులు కడుక్కో. మనకు పిలుపొచ్చింది."